డ్రోన్ దించడంలో ఆఖరి మీటరు

ప్రశ్న: నాలుగు నెలల క్రితం మడతపెట్టే కెమెరా డ్రోన్ కొన్నాను. ఎగరేయడం, తిప్పడం, వీడియో తీయడం బాగానే వచ్చాయి. దించడానికి మాత్రం ఎప్పుడూ రిటర్న్ టు హోమ్ బటన్ మీదే ఆధారపడ్డాను. మొన్న ఆ బటన్ నొక్కితే, లేచిన చోటుకు రెండు మూడు మీటర్లు పక్కన, పొద అంచున దిగబోయింది. కంగారుపడి బటన్ రద్దు చేసి స్టిక్కులతో దించాను. నేలకు జానెడు ఎత్తు దాకా సవ్యంగానే వచ్చింది. అక్కడ ఊగిసలాడింది, ఎంత కిందికి నొక్కినా దిగదేమో అనిపించింది. చివరికి ఒక కాలు ఆనగానే పక్కకు ఒరిగి బోర్లాపడింది. రెండు ప్రొపెల్లర్లు విరిగాయి. నా మిత్రుడు ఈ బాధలేవీ లేకుండా డ్రోన్‌ను గాల్లోనే అరచేత్తో పట్టేస్తాడు. నేను నేల మీద దించడం నేర్చుకోవాలా, పట్టుకోవడం నేర్చుకుంటే సరిపోతుందా?

సమాధానం: నేల మీద దించడమే ముందు నేర్చుకోండి. అరచేత్తో పట్టడం చూడటానికి సులువుగా ఉంటుంది గానీ, డ్రోన్‌ను గాల్లో ఒకే చోట కదలకుండా నిలపగలిగినవారికే అది క్షేమం. ఆ నిలకడ నేల మీద పదే పదే దించడం వల్లనే వస్తుంది. మీ మిత్రుడి పద్ధతి గురించి చివర్లో చెబుతాను. అందులోనూ తెలుసుకోవలసినది చాలానే ఉంది.

అంతకంటే ముందు చిన్న పని. విరిగిన ప్రొపెల్లర్లు తీసేసినప్పుడు ఆ రెండు మోటార్లనూ వేలితో నెమ్మదిగా తిప్పి చూడండి. గరగరమన్నా, ఒకచోట పట్టేసినట్టు అనిపించినా లోపలికి మట్టో ఇసుకో వెళ్లిందని అర్థం. మోటారులో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి ఇసుకలోని ఇనుప రేణువులు వాటికి అతుక్కుని ఊడిరావు. విరగని రెండు ప్రొపెల్లర్ల అంచులను కూడా గోటితో తడమండి. సన్నటి పగులు తగిలినా మార్చేయండి. బిగించేటప్పుడు వాటి మీది గుర్తులు చూసుకోండి. ఎదురు దిశలో తిరగాల్సినవి తారుమారైతే డ్రోన్ లేవబోతూనే బోల్తా పడుతుంది.

ఇక అది ఎందుకు పడిందో చూద్దాం. మీ చేయి వణికినందుకే పడిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. నాకు అలా అనిపించడం లేదు. నేలకు బాగా దగ్గరగా, ప్రొపెల్లర్ వ్యాసానికి ఒకటి రెండు రెట్ల ఎత్తులోకి వచ్చాక గాలి నడవడి మారిపోతుంది. ప్రొపెల్లర్లు కిందికి తోసిన గాలి, నేల అడ్డురావడంతో నలువైపులా పరుచుకుంటుంది. అందువల్ల అదే వేగంతో తిరిగే ప్రొపెల్లర్ అక్కడ కాస్త ఎక్కువ బరువు మోయగలుగుతుంది. హెలికాప్టర్ నడిపేవారు దీన్ని గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. ఎంత నొక్కినా దిగదేమో అని మీకు అనిపించడానికి కారణం ఇదే కావచ్చు. పైగా నాలుగు ప్రొపెల్లర్ల గాలీ నేలకు కొట్టుకుని మధ్యలో కలుసుకుని డ్రోన్ పొట్టను పైకి ఎగదన్నుతుంది. ఆ తోపు అన్ని వైపులా సమానంగా ఉండదు కాబట్టి డ్రోన్ ఊగుతుంది.

సెన్సర్లకూ అక్కడే కష్టం. డ్రోన్ తన ఎత్తును లెక్కగట్టే సాధనాల్లో గాలి పీడనాన్ని కొలిచే బారోమీటర్ ఒకటి. సముద్రమట్టం దగ్గర వాతావరణ పీడనం సుమారు 1,01,325 పాస్కల్‌లు. అందులో ఒక మీటరు కిందికి దిగితే పెరిగేది దాదాపు 12 పాస్కల్‌లు మాత్రమే. ఇంత సన్నటి తేడాను పట్టి ఎత్తు చెప్పే పరికరం చుట్టూ నేల నుంచి తిరిగొచ్చిన గాలి సుడులు తిరుగుతుంటే లెక్క చెదరక మానదు. పొట్ట కింద ఉండే కెమెరా, దూరం కొలిచే సెన్సర్ ఆ లోటును చాలావరకు తీరుస్తాయి. కానీ నీళ్ల మీద, గాజు మీద, తళతళలాడే గచ్చు మీద, గుర్తుపట్టడానికి ఏ మచ్చా లేని ఒకే రంగు ఉపరితలం మీద, మసక చీకట్లో ఆ కెమెరాకు ఏమీ పాలుపోదు. గాలికి, అందులోనూ తన ప్రొపెల్లర్ల గాలికే, ఊగే పొడవాటి గడ్డి ఇంకా చెడ్డది. కదులుతున్నది తానా, నేలా అన్నది డ్రోన్ తేల్చుకోలేదు.

ఇలా ఊగుతుండగా ఒక కాలు ముందు ఆనింది. అసలు ప్రమాదం మొదలయ్యేది అక్కడే. నేల తగిలిందన్న సంగతి లోపలి ఫ్లైట్ కంట్రోలర్‌కు వెంటనే తెలియదు. ఇంకా గాల్లోనే ఉన్నట్టు లెక్కవేసుకుని, ఒరిగిన శరీరాన్ని సరిచేయడానికి, జీపీఎస్ చెప్పిన చోటికి జరగడానికి మోటార్ల వేగం మారుస్తూనే ఉంటుంది. కాలు నేలకు ఆని ఉంది కాబట్టి ఎంత మార్చినా ఆ తేడా పోదు. తేడా పోని కొద్దీ ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తుంది. ఒక పక్క మోటార్లు పుంజుకుంటాయి, అవతలి పక్కవి తగ్గుతాయి. ఆఖరికి డ్రోన్ తనను తానే తిరగేసుకుంటుంది. దానికి తోడు, ఆనే క్షణంలో పక్కకు జరుగుతూ ఉంటే పరిగెత్తే మనిషి కాలికి రాయి తగిలినట్టే అవుతుంది. కాలు ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు.

అందుకని మీరు పట్టుబట్టి నేర్చుకోవలసినవి రెండే: పక్కకు ఏ కదలికా లేకుండా ఆనడం, ఆనిన వెంటనే మోటార్లు ఆపేయడం. ఆ జానెడు ఎత్తులో ఆగి ఆలోచించకండి. ఆలోచన అంతా రెండు మీటర్ల ఎత్తులో ముగించుకోవాలి. అక్కడి నుంచి నెమ్మదిగా, ఆగకుండా దిగాలి. దిగడం నచ్చకపోతే మళ్లీ పైకి పోవాలి. సగం దిగి తటపటాయించడమే డ్రోన్లను ఎక్కువగా బోర్లా వేస్తుందని నా అభిప్రాయం.

బటన్‌ను మాత్రం తిట్టుకోకండి. అది తన పని తాను చేసింది. మామూలు జీపీఎస్ స్థానంలో కొన్ని మీటర్ల తేడా సహజం. లేచేటప్పుడు ఎన్ని ఉపగ్రహాలు దొరికాయి, చుట్టూ గోడలూ చెట్లూ ఉన్నాయా అన్నదాన్ని బట్టి అది ఇంకా పెరగవచ్చు. కొన్ని డ్రోన్లు లేచేటప్పుడు కింది కెమెరాతో నేలను చూసి గుర్తుంచుకుని, తిరిగి వచ్చినప్పుడు పోల్చుకుని ఖచ్చితంగా దిగుతాయి. అవి కూడా మీరు కొన్ని మీటర్లు నిటారుగా లేపకుండా వెంటనే ముందుకు దూకిస్తే ఆ చూపు దొరక్క, జీపీఎస్ మీదే ఆధారపడతాయి. నేనైతే బటన్‌ను ఇంటి దాకా తెచ్చే సాధనంగా వాడుకోమంటాను. డ్రోన్ నెత్తి మీదికి వచ్చి పది మీటర్ల ఎత్తులోకి దిగాక రద్దు చేసి, మిగతాది మీరే చేయండి. అప్పుడు కంగారుపడి కాకుండా అనుకున్న ప్రకారమే స్టిక్కులు మీ చేతిలోకి వస్తాయి. ఆ తేడా వేళ్లకు బాగా తెలుస్తుంది.

చోటు సంగతి తేలిగ్గా తీసుకోకండి. చదునుగా, పొట్టి గడ్డితోనో గట్టి మట్టితోనో ఉన్న నేల మేలు. చుట్టూ కనీసం నాలుగైదు మీటర్ల దూరం దాకా మనుషులు, కుక్కలు, వాహనాలు ఉండకూడదు. గోడ పక్కన గాలి లేదు కదా అని అక్కడ దించాలనిపిస్తుంది. గోడను దాటి వచ్చిన గాలి అవతల సుడి తిరుగుతుంది, నేల దగ్గర ఏ దిక్కు నుంచి వస్తుందో చెప్పలేం. తెరిపి చోటే నయం. కాంక్రీటు గచ్చు చదునుగా కనిపించినా లోపల ఇనుప చువ్వలు ఉంటాయి. మ్యాన్‌హోల్ మూతలు, ఆపి ఉన్న కార్లు కూడా దిక్సూచిని తప్పుదారి పట్టిస్తాయి. దిక్సూచి తప్పితే డ్రోన్ ఒకచోట నిలవకుండా అంతకంతకూ పెద్ద వలయాలు తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరగడం కనిపిస్తే దించే ప్రయత్నం మాని, పైకి లేపి, అక్కడి నుంచి దూరంగా జరపండి.

ల్యాండింగ్ మ్యాట్ కొనుక్కుంటే దుమ్ము రేగదు, గురి చూసుకోవడానికి గుర్తు కూడా దొరుకుతుంది. అయితే దాని నాలుగు మూలలా మేకులో బరువులో పెట్టనిదే వాడకండి. ప్రొపెల్లర్ల గాలికి మ్యాట్ అంచు లేచి వాటిలోనే చిక్కుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు. మ్యాట్ లేనివారికి డ్రోన్ పెట్టె మూతను వెల్లకిలా పరిచినా సరిపోతుంది, అది గట్టిగా, చదునుగా ఉంటే.

దించేటప్పుడు డ్రోన్ తోక మీ వైపు, ముక్కు అవతలి వైపు ఉండాలి. అప్పుడు మీ కుడే దాని కుడి. ముక్కు మీ వైపు తిరిగి ఉంటే ఎడమ కుడులు తారుమారవుతాయి. ఆఖరి మీటరులో ఆ లెక్క వేసుకునే తీరిక ఎవరికీ ఉండదు. గాలి బలంగా ఉంటే ఇంకో చిక్కు ఉంది. గాలికి ఎదురు నిలవడానికి డ్రోన్ గాలి వచ్చే వైపు వంగి ఉంటుంది, దిగేటప్పుడు ఆ వైపు కాళ్లే ముందు ఆనుతాయి. అది అడ్డంగా జరిగితే ఒరిగే ప్రమాదం ఎక్కువ. ముక్కును గాలికి ఎదురుగా తిప్పుకుంటే పొడవు వైపు ఆసరా దొరుకుతుంది. అంటే గాలి మీ ముఖానికి తగిలేలా మీరు నిలబడాలి, నేరుగా వెనక కాకుండా కొంచెం పక్కకు. పట్టు తప్పితే గాలి దాన్ని మీ మీదికే తెస్తుంది కాబట్టి ఆ పక్కకు జరగడం మరిచిపోకండి. నేర్చుకునే రోజుల్లో చెట్ల కొమ్మలు కదిలేంత గాలి ఉంటే డ్రోన్ బయటకు తీయకపోవడమే ఉత్తమం.

ఇప్పుడు దించుదాం. చాలా రిమోట్లలో ఎడమ స్టిక్కు ఎత్తును, దిశను మారుస్తుంది. కుడి స్టిక్కు ముందుకూ వెనక్కూ పక్కలకూ జరుపుతుంది. దీన్ని మోడ్ 2 అంటారు. మీది అదే అనుకుని రాస్తున్నాను. కెమెరా డ్రోన్లలో ఎడమ స్టిక్కు వదిలేస్తే మధ్యకు వచ్చి నిలుస్తుంది, డ్రోన్ కూడా ఉన్న ఎత్తులోనే నిలుస్తుంది. మీరు రేపు ఎఫ్‌పీవీ డ్రోన్ల (డ్రోన్ కెమెరా చూపునే కళ్లకు పెట్టుకున్న తెరలో చూస్తూ నడిపేవి) వైపు వెళితే అక్కడ ఈ సౌకర్యం ఉండదని గుర్తుంచుకోండి. వాటిలో థ్రాటిల్ స్టిక్కు, అంటే డ్రోన్‌ను పైకీ కిందికీ నడిపే ఈ ఎడమ స్టిక్కే, పెట్టిన చోటే ఉంటుంది, కిందికి లాగేస్తే డ్రోన్ రాయిలా పడుతుంది.

ఎక్కువ ఎత్తు నుంచి నిటారుగా, వేగంగా దించకండి. డ్రోన్ తాను కిందికి తోసిన గాలిలోకే తాను దిగితే ప్రొపెల్లర్ల అంచుల చుట్టూ గాలి ఉంగరంలా సుడి తిరుగుతుంది. మోటార్లు ఎంత తిరిగినా బరువును మోయలేవు. డ్రోన్ వణికి, ఒళ్లు ఊగి, గభాలున జారుతుంది. హెలికాప్టర్లకూ ఇదే ముప్పు ఉంది. అటువంటప్పుడు చాలామంది థ్రాటిల్ పైకి తోస్తారు. దానివల్ల ఆ సుడి తగ్గదు, తరచూ బలపడుతుంది కూడా. ముందుకో పక్కకో జరిపితే డ్రోన్ చెదరని గాలిలోకి వస్తుంది, పట్టు మళ్లీ దొరుకుతుంది. అందుకే పైనుంచి వచ్చేటప్పుడు ముందుకు జరుగుతూ ఏటవాలుగా దించండి, లేదా పెద్ద వలయం తిరుగుతూ దించండి. నేను వలయాన్నే ఇష్టపడతాను. చుట్టూ ఏముందో ఒకసారి చూసుకున్నట్టూ అవుతుంది.

రెండు మీటర్ల ఎత్తుకు వచ్చాక ఆపండి. మీ తలకు కొంచెం పైన, మీకు మూడు నాలుగు మీటర్ల దూరంలో. ఇక్కడ తొందరపడకండి. కుడి స్టిక్కు వదిలి డ్రోన్ నిజంగా నిలిచిందో లేదో చూడండి. నిలిచినట్టే కనిపిస్తుంది గానీ కొంచెం కొంచెంగా జరుగుతూ ఉంటుంది. తెర వైపు చూడకండి, డ్రోన్‌ను, దాని కింది నేలను చూడండి. ఎండ ఉంటే నీడ గొప్ప సాయం. నీడ డ్రోన్‌కు ఎంత దూరంలో ఉందో చూసి ఎత్తు అంచనా వేయవచ్చు. దిగే కొద్దీ నీడ పరుగున వచ్చి కాళ్లను కలుస్తుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పటికంటే ఉదయం, సాయంత్రం ఈ కొలత స్పష్టంగా తెలుస్తుంది, సూర్యుడు మీ వీపు వెనక ఉంటే.

కదలిక ఆగిందని నమ్మకం కుదిరాక ఎడమ స్టిక్కును కొద్దిగా, సెకనుకు అర మీటరుకు మించని వేగం వచ్చేంత మాత్రమే, కిందికి లాగి పట్టుకోండి. డ్రోన్‌లో నెమ్మది మోడ్ ఉంటే ముందే పెట్టుకోండి. అందులో స్టిక్కులు అంత సున్నితంగా ఉండవు, వేలు కాస్త ఎక్కువ కదిలినా ప్రమాదం లేదు. కుడి స్టిక్కు మీద వేలు ఉంచండి గానీ జరిగిన ప్రతిసారీ పెద్దగా సరిచేయకండి. చిన్న తోపు, వెంటనే వదలడం. పెద్దగా తోస్తే ఆ తోపును ఆపడానికి ఇంకో తోపు కావాలి. కొత్తవాళ్ల డ్రోన్ నేల దగ్గర అటూ ఇటూ ఊగడంలో సగం ఊపు వాళ్ల వేళ్లదే.

చాలా కెమెరా డ్రోన్లు నేలకు సుమారు అర మీటరు ఎత్తులో ఒక్క క్షణం ఆగి కింది నేల దిగడానికి అనువుగా ఉందో లేదో పరిశీలిస్తాయి. దీన్ని చూసి బెదిరి స్టిక్కు వదిలేయకండి. లాగి పట్టుకుంటే మళ్లీ దిగుతుంది. గ్రౌండ్ ఎఫెక్ట్ తగిలినప్పుడు కూడా దిగే వేగం కాస్త మందగించినట్టు అనిపిస్తుంది. అక్కడ స్టిక్కును ఇంకొంచెం లాగాలి. మొన్న బహుశా మీరు ఇక్కడే వదిలేసి ఉంటారు.

కాళ్లు ఆనగానే ఎడమ స్టిక్కును పూర్తిగా కిందికి లాగి, మోటార్లు ఆగే దాకా పట్టుకోండి. కొన్ని క్షణాలు పడుతుంది. ప్రొపెల్లర్లు తిరగడం మానే దాకా వేలు తీయకండి, డ్రోన్ వైపు నడవకండి. కుడి స్టిక్కును ఆ సమయంలో అస్సలు తాకవద్దు. నేల మీద ఉన్న డ్రోన్‌ను కాస్త జరుపుదామని తోస్తే చాలు, బోర్లాపడుతుంది. రెండు స్టిక్కులనూ కిందికి, లోపలికో బయటికో లాగి మోటార్లు ఆపే పద్ధతి కూడా కొన్ని డ్రోన్లలో ఉంటుంది. అది అత్యవసరానికి. దాన్ని రోజూ దించే అలవాటుగా చేసుకోకండి. కొన్ని నమూనాల్లో గాల్లో ఉండగా అదే చేస్తే మోటార్లు అక్కడికక్కడే ఆగిపోతాయి. ఎఫ్‌పీవీ డ్రోన్లకు మోటార్లను ఆపేసే డిసార్మ్ స్విచ్ విడిగా ఉంటుంది. ఆనిన మరుక్షణం అది నొక్కడమే వారి పద్ధతి, మంచి పద్ధతి.

ఇందులో ఏ దశలోనైనా నచ్చకపోతే మళ్లీ లేపండి. పెద్ద విమానాలు నడిపేవారు కూడా దిగడం కుదరదనిపిస్తే నిస్సంకోచంగా మళ్లీ పైకి తీసుకెళతారు. ఎడమ స్టిక్కు పైకి, రెండు మీటర్ల ఎత్తుకు, మళ్లీ నిలపడం, మళ్లీ చూడటం. ఒక కాలు ఆనిందా, ఒరుగుతోందా అన్న సందేహంలో మాత్రం లేపకండి. నేలకు తగులుకున్న కాలితో లేవబోతే అది ఇంకా వేగంగా తిరగబడుతుంది. ఆనిందంటే ఆపేయండి.

మళ్లీ లేపగలగాలంటే బ్యాటరీలో మిగులు ఉండాలి. ముప్పై శాతం ఉండగానే దించే పని మొదలుపెట్టండి. లిథియం పాలిమర్ సెల్ నిండుగా ఉంటే 4.2 వోల్టులు. అది 3.5కు చేరేసరికి నేల మీద ఉండటం క్షేమం. ఆ తరవాత వోల్టేజీ నెమ్మదిగా తగ్గదు, ఒక్కసారిగా జారిపోతుంది. ఛార్జి మరీ తక్కువైతే చాలా డ్రోన్లు తమంతట తామే దిగడం మొదలుపెడతాయి, దాన్ని రద్దు చేయలేరు. పక్కలకు మాత్రం జరపవచ్చు. కాబట్టి అలా జరిగితే గాబరాగా పైకి తోస్తూ కూర్చోకుండా కింద ఖాళీ చోటు ఎక్కడుందో వెతికి అటు నడపండి.

సాధన ఎలా చేయాలంటే, వీడియో తీసే ఆలోచన లేకుండా ఒక బ్యాటరీ అంతా దించడానికే వాడండి. లేపి, రెండు మీటర్లు, నిలపడం, దించడం, ఆపడం. మళ్లీ మొదలు. మొదట్లో మ్యాట్ మీద గురి పెట్టుకోకండి. ఎక్కడ ఆనినా పక్కకు జరగకుండా ఆనితే చాలు. అది కుదిరాక గురి. ఆ తరవాత డ్రోన్‌ను మోకాలి ఎత్తులో కాసేపు నిలిపి చూడండి. గ్రౌండ్ ఎఫెక్ట్ మొదలయ్యే అంచు ఎక్కడుందో వేళ్లకు తెలిసేది అలాగే. పక్కకు తిప్పి, ముక్కు మీ వైపు తిప్పి దించడం ఆఖరున. ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీద లిఫ్టాఫ్, వెలోసిడ్రోన్ వంటి సిమ్యులేటర్లలో ముక్కు మీ వైపు ఉన్నప్పటి లెక్కను సాధన చేయవచ్చు. నేల దగ్గరి గాలి తీరు మాత్రం తెర మీద నిజంలా అనిపించదు. దానికి మైదానానికే వెళ్లాలి.

ఇక అరచేయి. ఇది వట్టి గొప్పలకు చేసే పని అని కొట్టిపారేయను. పడవ మీద నుంచి ఎగరేసినవారికి వేరే దారే ఉండదు. పడవ కదిలిపోతుంది, బటన్ నొక్కితే డ్రోన్ లేచిన చోటికి, అంటే నీళ్ల మీదికి, వెళుతుంది. నిలువెత్తు గడ్డిలో, ఇసుకలో, మంచులో, రాళ్ల వాలు మీద కూడా చేతిలో దించడమే మెరుగు. 2017లో వచ్చిన డీజేఐ స్పార్క్ వంటి చిన్న డ్రోన్లలో అరచేతిలో దిగడాన్ని తయారీదారులే ఒక సదుపాయంగా ఇచ్చారు. మీ డ్రోన్ పుస్తకంలో ఆ సదుపాయం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆలోచన మానుకోవడమే నా సలహా. ఎఫ్‌పీవీ డ్రోన్‌ను ఎవరు చెప్పినా పట్టకండి. అయిదు అంగుళాల ప్రొపెల్లర్ నిమిషానికి 15,000 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు దాదాపు 100 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు 360 కిలోమీటర్లు. 250 గ్రాముల లోపు డ్రోన్ల మెత్తటి ప్రొపెల్లర్లు వేళ్లను అంతగా కోయకపోవచ్చు. కళ్లకు మాత్రం అవీ ప్రమాదమే.

మీ డ్రోన్‌లో ఆ సదుపాయం ఉందనుకుందాం. ముందు తెలుసుకోవలసిన విషయం: పొట్ట కింది సెన్సర్‌కు మీ చేయి కూడా నేలలాగే కనబడవచ్చు. మీరు చేయి పైకి చాపితే నేల పైకి వచ్చిందనుకుని డ్రోన్ ఇంకా పైకి పోతుంది. మీరు ఇంకా చాపుతారు, అది ఇంకా పోతుంది. ఆ వెంట పడటంలో ఎవరో ఒకరు దాని కాళ్లను లాగి పట్టుకోబోతారు, వేళ్లు తెగేది అప్పుడే. అలాగే వెనకవైపు అడ్డంకుల సెన్సర్ ఉంటే అది మిమ్మల్ని గోడగా భావించి దగ్గరికి రానివ్వదు. అరచేతిలో దించే సదుపాయం ఉన్న డ్రోన్లు వీటిని ఎలా సర్దుకుంటాయో, ఏ సెట్టింగు ఆపాలో పుస్తకంలో చెబుతారు. దాన్ని పాటించండి, దించాక మళ్లీ ఆన్ చేయడం మరవకండి.

కంటి అద్దాలు పెట్టుకోండి. వేలాడే తాళ్లు, వదులు చేతుల చొక్కా, విరబోసిన జుట్టు ఉండకూడదు. తోక మీ వైపు ఉండేలా, తల కంటే కొంచెం ఎత్తులో, చేయి పూర్తిగా చాచినా ఇంకొంచెం దూరంలో డ్రోన్‌ను నిలపండి. నిలిచాక దాన్ని మీ మీదికి తేవద్దు. మీరే ఒక్క అడుగు ముందుకు వేయండి. మోడ్ 2లో ఎడమ బొటనవేలు థ్రాటిల్ మీద ఉంటుంది కాబట్టి కుడి చేయి ఖాళీ అవుతుంది. థ్రాటిల్ కుడి స్టిక్కులో ఉండే మోడ్ 1 వాడేవారికి ఇది తిరగబడుతుంది. అరచేతిని చదునుగా, వేళ్లు దగ్గరగా చేర్చి, పొట్ట మధ్యకు ఎదురుగా కింద పెట్టండి. ముఖం కొంచెం పక్కకు తిప్పండి గానీ చూపు డ్రోన్ మీదే ఉండాలి. థ్రాటిల్ కిందికి లాగి, అది అరచేతి మీద వాలాక మోటార్లు ఆగే దాకా పట్టి ఉంచండి. ఈలోగా చేతిని వంచకండి, పైకెత్తకండి, వేళ్లు ముడిచి పట్టుకోకండి. నేల మీద ఒక కాలు ఆనినప్పుడు కంట్రోలర్ ఎలా పోరాడుతుందో చేతిలోనూ అలాగే పోరాడుతుంది. తేడా ఏమిటంటే ఈసారి ప్రొపెల్లర్లకు అంగుళాల దూరంలో ఉన్నది మీ మణికట్టు.

ఏ మాత్రం ఊగినా చేయి వెనక్కి తీసుకోండి, ఎడమ స్టిక్కు పైకి తోయండి, రెండు అడుగులు వెనక్కి వేయండి. పడిపోతున్న డ్రోన్‌ను పట్టుకోవడానికి మాత్రం చేయి చాచకండి. మీ మిత్రుణ్ణి అడిగి చూడండి, ఆయన సెన్సర్లు ఏం చేసి పడతారో, గాలి ఉన్నప్పుడు కూడా పడతారో. ఆయనే రిమోట్ పట్టుకుని మీరు చేయి చాచే ఏర్పాటు మాత్రం మొదట్లో వద్దు. ఇద్దరి మధ్య 'ఇప్పుడు' అన్న మాటకు అర్థం ఒకటే అయ్యేదాకా ఎవరి డ్రోన్ వారే దించుకోండి.